నుమాయిష్ నెలలో వచ్చిన అల్లుడు

2024 జనవరి మొదటి వారంలో ఈ సంగతి మొదలైంది. అప్పటికి నేను ఒక సహకార బ్యాంకు ప్రధాన కార్యాలయంలో సమాచార భద్రతాధికారిని. కార్యాలయం గన్‌ఫౌండ్రీలో, మూడో అంతస్తులో. హోదా చీఫ్ మేనేజర్. అంటే జనరల్ మేనేజరుకు రెండు మెట్లు కింద, క్యాంటీన్ టీ అడగకుండానే టేబుల్ మీదికి వచ్చేంత పైన. నీ పనేమిటని చుట్టాలు అడిగితే బ్యాంకు కంప్యూటర్లకు చౌకీదారునని చెప్పేదాన్ని. వాళ్లకు అర్థమయ్యేది, నాకూ గౌరవంగానే ఉండేది.

సినిమాల్లో చూపించినట్టు మా గదిలో పచ్చటి అక్షరాలు జలజలా రాలవు. బ్యాంకులో ప్రతి ఉద్యోగికీ కంప్యూటర్‌లోకి వెళ్లడానికి ఒక ఐడీ ఉంటుంది. ఆ ఐడీ ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చింది, లోపల ఏం చేసింది అన్నది మా విభాగం గమనిస్తూ ఉంటుంది. ఏదైనా తేడాగా కనిపిస్తే తెర మీద ఎర్రగా ఒక హెచ్చరిక పడుతుంది. దాన్ని అలర్ట్ అంటాం. ఎవరో ఒకరు దాన్ని తెరిచి, మామూలు వ్యవహారమేనా కాదా తేల్చి, కారణం రాసి మూయాలి. తెరవడానికీ మూయడానికీ మనుషులు కావాలి. చిక్కంతా అక్కడే.

మా విభాగానికి మంజూరైన పోస్టులు ఏనాడూ నిండలేదు. పిల్లలు వచ్చేవారు, ఏడాది పాటు పని నేర్చుకునేవారు, ఈలోగా హైటెక్ సిటీ నుంచి ఏదో కంపెనీ వచ్చి ఎక్కించుకుపోయేది. మా గదికి బస్ స్టాప్ అని నేనే పేరు పెట్టాను. వెళ్లేటప్పుడు పాపం అందరూ కళ్లనీళ్లు పెట్టుకునేవారు. అక్కడ ఇస్తామన్న జీతం ఎంతో చెప్పాక నాకూ ఏడుపొచ్చేది.

కొత్తవాళ్ల కోసం పెట్టే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఇంకో వేడుక. ఒకబ్బాయి ప్రతి ప్రశ్నకూ ముందుగా "మంచి ప్రశ్న మేడం" అని, కళ్లు ఎడమవైపు తిప్పి, రేడియో వార్తలు చదివినట్టు జవాబు చెప్పాడు. పక్కన ఇంకో తెర మీద ఏఐ రాసిస్తోందని తెలుస్తూనే ఉంది. చివర్లో మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే దానికి కూడా ఎడమవైపే చూశాడు.

ఇలా కాదని బయట వెతకడం మానేసి లోపల వెతికాను. ఆబిడ్స్ బ్రాంచిలో పాస్‌బుక్కులు ప్రింటు చేసే కౌంటర్లో స్రవంతి అనే క్లర్కు ఉండేది. ముప్పై దాటని అమ్మాయి. తల్లిదండ్రులు మెదక్ వైపు నుంచి కూలి పనికి నగరానికి వచ్చి నాంపల్లి వెనక గల్లీల్లో స్థిరపడ్డవాళ్లు. ఈమె ఇక్కడే పుట్టి, బి.కాం. చదివి, పరీక్ష రాసి బ్యాంకులో చేరింది. ఎవరేం చెప్పినా "ఎందుకు?" అని అడగడం ఆమె అలవాటు. కౌంటర్లో అది పెద్ద లోపం, క్యూ కదలదు. నా గదిలో అదే అర్హత. ఏడాది డెప్యుటేషన్ మీద తెచ్చుకున్నాను. అంటే ఉద్యోగం పాత బ్రాంచిదే, పని మాత్రం నా దగ్గర. గడువు మార్చి నెలాఖరు. భద్రతా సర్టిఫికెట్ పరీక్ష రెండోసారి రాసి పాసయింది. మొదటిసారి తప్పినప్పుడు, పేపరు నేనే దిద్దినట్టు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సరిగ్గా అప్పుడే మా జనరల్ మేనేజరు గారికి ఏఐ మీద మనసు పోయింది. ఆయన మంచి మనిషి, కాకపోతే సదస్సులకు వెళ్తారు. ఒక సదస్సులో భోజనం చేసి, ఒక సాఫ్ట్‌వేర్ కొనడానికి ఒప్పుకుని వచ్చారు. "మనుషులు దొరకట్లేదని మీరే కదా సరోజ గారూ మొత్తుకుంటున్నారు, మనుషులే అక్కర్లేనిది తెచ్చాను చూడండి" అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ మొదటి నెల ఊరికే కూర్చుని ప్రతి ఐడీ నడతనూ గమనిస్తుంది. ఎవరికి ఏది మామూలో తనంతట తనే నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరి నడత మారినా అలర్ట్ వేయడమే కాదు, ఆ ఐడీకి తాళం కూడా తనే వేస్తుంది. చూడ్డానికి మనుషులు లేరు కాబట్టి ఆ అధికారం దానికే ఇచ్చేశారు.

అది బాగా పనిచేస్తే స్రవంతి డెప్యుటేషన్ పొడిగించనక్కర్లేదని, మార్చిలో కమిటీ కూర్చుని తేలుస్తుందని కూడా చెప్పారు. బదిలీల వరుస ప్రకారం ఆమెకు వచ్చేది చాదర్‌ఘాట్ బ్రాంచి, మళ్లీ పాస్‌బుక్ కౌంటరే. ఆ మాట నేనే ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

"దొంగల్ని పట్టే పనిల చేరిన్నని మా నాయిన గల్లీ గల్లంత చెప్పుకున్నడు మేడం. మళ్ల పోయి పాస్‌బుక్ మిషిన్ ముందల కూసుంటే ఏమని చెప్తడు?" అంది. నిజానికి ఆమె పోతే నష్టం ఆమెకంటే నాకే ఎక్కువ. బస్ స్టాప్‌లో బస్సు కోసం చూడకుండా నిలబడ్డ మనిషి ఆమె ఒక్కతే.

కోపం తీర్చుకోవడానికి ఆమె ఆ సాఫ్ట్‌వేర్‌కు అల్లుడు అని పేరు పెట్టింది. ఖర్చు జాస్తి, అందరూ దాని మూడ్ చూసి నడుచుకోవాలి, ఇంట్లో ఎవరేం చేసినా వంక పెడుతుంది. పేరు బాగా కుదిరింది. మూడో అంతస్తు నుంచి కింద గేటు దాకా పాకింది. పొద్దున్నే లిఫ్టు దగ్గర గార్డు కూడా "అల్లుడు లేచిండా మేడం?" అని అడిగేవాడు.

ఇక్కడ నుమాయిష్ సంగతి చెప్పాలి. హైదరాబాదు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఏటా జనవరి నుంచి ఫిబ్రవరి సగం దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో పెద్ద సంత జరుగుతుంది. కాశ్మీరు శాలువాల నుంచి పింగాణీ కప్పుల దాకా దేశం నలుమూలల సరుకూ అక్కడికి వస్తుంది. స్టాళ్ల వాళ్లు ఆ రోజు అమ్మకాల డబ్బు జమ చేసుకోవడానికి మా బ్యాంకు ఆ మైదానంలోనే ఒక తాత్కాలిక కౌంటరు పెడుతుంది. ఆబిడ్స్, నాంపల్లి, హిమాయత్‌నగర్ బ్రాంచిల వాళ్లు వంతుల వారీగా అక్కడ డ్యూటీ చేస్తారు. ఆ రోజుల్లో ఆ మూడు బ్రాంచిలనూ మధ్యాహ్నం తెరిచి రాత్రి దాకా నడుపుతారు. సగం బ్యాంకు నిద్రలేచేదే చాయ్ వేళకు.

కౌంటరుకు ఒక ల్యాప్‌టాప్, ఒక డాంగిల్. డాంగిల్ అంటే మొబైల్ సిగ్నల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే చిన్న పరికరం. దాంతో వచ్చే ఇంటర్నెట్ చిరునామా రోజుకొకలా ఉంటుంది. నిబంధన ప్రకారం ఎవరి ఐడీతో వాళ్లే పని చేయాలి. కానీ డ్యూటీ రోజుకొకరిది కాబట్టి కౌంటరుకంతా ఒకటే ఐడీ, అందరికీ తెలిసిన ఒకటే పాస్‌వర్డు. నేను ఏటా అభ్యంతరం రాసేదాన్ని. ఏటా "గమనించడమైనది" అని జవాబు వచ్చేది.

జి.ఎం. గారు కూడా రోజూ సాయంత్రం కౌంటరు తనిఖీకి వెళ్లేవారు. తన ఐడీతో రోజు మొత్తానికి ఆ ఒక్కసారే లాగిన్ అయి లెక్క చూసుకోవడం తనిఖీ. ఆ తర్వాత కుటుంబంతో కలిసి మిర్చి బజ్జీల దుకాణం దగ్గర జరిగేది సమీక్ష.

అల్లుడు కూర్చుని మా నడత నేర్చుకున్న నెల అదే. ఏ నెలలో నేర్చుకుంటోందో మాలో ఒక్కరికీ తట్టలేదు. కంపెనీ వాళ్లకు ఈ ఊరు తెలియదు, మాకేమో నుమాయిష్ అంత మామూలు. దసరా, దీపావళి, నుమాయిష్, మామిడిపళ్లు. సంవత్సరం ఇలాగే కదా నడుస్తుంది!

ఫిబ్రవరిలో తాళాల అధికారంతో పని మొదలుపెట్టాక అల్లుడు బుద్ధిమంతుడిలా ఉన్నాడు. అలర్టులే లేవు. జి.ఎం. గారు ఆ గ్రాఫును ఫోన్లో పెట్టుకుని కనిపించిన వాళ్లకల్లా చూపించారు. స్రవంతి ముఖం రోజురోజుకూ చిన్నబోయింది. పని లేక ఒకరోజు డ్రాయర్లన్నీ సర్దింది. పని లేకపోవడం కంటే ఆమె డ్రాయర్లు సర్దడం నన్ను ఎక్కువ భయపెట్టింది.

నుమాయిష్ ముగిసింది. వారాంతం సెలవులు గడిచి, సోమవారం పొద్దున బ్యాంకు మామూలు వేళకు తెరిచారు. అంతే, మా గది తెర మొత్తం ఎర్రబారింది.

మొదటి ఫోను నాంపల్లి బ్రాంచి హెడ్ క్యాషియర్ యాదగిరిది. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు, కోపం రాని మనిషి. ఆ రోజు వచ్చింది. "మేడం, నేను పొద్దుగాల పదింటికి బ్యాంకుకొస్తే తప్పంట! ఐడీ బంద్ చేసిండు. నుమాయిష్ దినాలు తప్పితే, నౌకరీల చేరినకాంచి గిదే టైముకొస్తున్న. గదేం లెక్క మేడం?" అన్నాడు. వెనకాల పింఛను కోసం వచ్చిన పెద్దల అరుపులు వినిపిస్తున్నాయి. తర్వాత మేనేజరు, ఆ తర్వాత బ్రాంచి మొత్తం. ఆ తర్వాత ఆబిడ్స్, హిమాయత్‌నగర్. పొద్దున వచ్చిన ప్రతివాడూ దొంగే. అల్లుడి లెక్కలో నిజాయితీపరులు సాయంత్రం వస్తారు.

నేనూ స్రవంతీ చెరో ఫోను పట్టుకున్నాం. తాళం తీసి అలర్ట్ మూసే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి, లాగిన్ అయింది తనేనా అని గొంతు విని తేల్చుకోవాలని అప్పటికప్పుడు రూలు పెట్టాను. "పదింటికి బ్యాంకులోకి వచ్చింది మీరేనా?" అని బ్యాంకు ఉద్యోగులను అడగడం కంటే చిన్నతనం ఇంకోటి ఉండదు. హిమాయత్‌నగర్ ఆఫీసరు ఒకాయన "ఔ, నేనే. కావాలంటే రేపటి సంది రాను" అన్నాడు.

అంతలో జి.ఎం. గారు స్వయంగా మా గదికి వచ్చారు. తన ఐడీ కూడా నడవడం లేదన్నారు. కారణం తెర మీద రాసి ఉంటుంది, చదవమన్నారు. స్రవంతి ముఖంలో ఏ మార్పూ లేకుండా గట్టిగా చదివింది. ఈ అధికారి సాధారణంగా సాయంత్రం వేళ నాంపల్లి మైదానం నుంచి పనిచేస్తారు. ఉదయం వేళ ప్రధాన కార్యాలయంలో కనిపించడం అనుమానాస్పదం. అంతస్తు అంతస్తంతా విన్నది. జి.ఎం. గారు కాసేపు ఆ తెర వంక చూసి, "మిర్చి బజ్జీల సంగతి కూడా రాసిందా?" అని అడిగారు. అందుకే ఆయన మంచి మనిషి అన్నాను.

అప్పటికి ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. తాళాల అధికారం వెనక్కి తీసుకున్నాం. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి జి.ఎం. గారు మాట్లాడిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. నాకు లోపల సంతోషంగానే ఉందని ఒప్పుకోవాలి. అల్లుడి పరువు పోయింది, కమిటీలో స్రవంతి నెగ్గుతుంది. విసుగుతో పాటు ఆ హుషారులో, "ఇంట్లో ఎవర్నీ వదల్లేదే ఈ అల్లుడు!" అన్నాను.

స్రవంతి ఫోను కింద పెట్టేసింది. "ఎవర్నన్న వదిలిండేమో చూద్దామా మేడం?"

"ఎందుకు?" అన్నాను. రోజూ ఆమె అడిగే మాట ఆ రోజు నేనడిగాను.

"అందరి మీద లొల్లి చేసేటోడు ఒక్కనితోని మంచిగున్నడంటే, గా ఒక్కడు ఎవడో చూడొద్దా?"

నుమాయిష్ ముగిశాక బ్యాంకులోకి వచ్చిన ఐడీలలో అల్లుడు పల్లెత్తు మాట అననివి ఏవని వెతికాం. ఆ ఐడీలన్నిటిలో ఒక్కటే తేలింది. నుమాయిష్ కౌంటరు ఐడీ. కౌంటరు ఎత్తేశారు, షామియానా చుట్టేశారు, బల్లలు కూడా వెనక్కి వచ్చేశాయి. ఐడీ మాత్రం ఎప్పటిలా సాయంత్రం వేళకు ఠంచనుగా వచ్చి పోతోంది. ఇంటర్నెట్ చిరునామా కొత్తది, కానీ ఆ ఐడీకి రోజుకో చిరునామా ఉండటమే మామూలని అల్లుడు నేర్చుకుని ఉన్నాడు. అతని దృష్టిలో బ్యాంకు మొత్తానికి పద్ధతి గల ఉద్యోగి అదొక్కటే.

నా హుషారు అక్కడికక్కడే చల్లారింది. యాదగిరికి ఫోన్ చేసి కౌంటరు ల్యాప్‌టాప్ ఎక్కడుందని అడిగాను. బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది. "ఈడనే ఉన్నది మేడం, నేనే పెట్టిన. దాని మీద నా స్వెటర్ గూడ ఉన్నది" అన్నాడు. ల్యాప్‌టాప్ స్వెటర్ కింద నిద్రపోతోంది, ఐడీ మాత్రం పనిచేస్తోంది. అంటే ఎవరో బయటివాడు పాస్‌వర్డు పట్టుకుని లోపలికి వస్తున్నాడు.

ముందు ఆ ఐడీని మూసేశాం. కౌంటరు మూసేశారని చెప్పాక, వాడు లోపల తెరిచిన ఖాతాల జాబితాను అల్లుడే క్షణాల్లో తీసి పెట్టాడు. కొందరు స్టాలు యజమానుల ఖాతాలు తెరిచి, వాళ్ల ఫోన్ నంబర్లు మార్చమని అభ్యర్థనలు పెట్టాడు. నంబరు మారిందంటే డబ్బు తీసేటప్పుడు వచ్చే ఓటీపీ వాడి ఫోనుకే పోతుంది. ఆ వ్యాపారులంతా సీజను సంపాదన మా దగ్గరే పెట్టి ఊళ్లకు రైలెక్కిన వాళ్లు. అలాంటి అభ్యర్థనలను మర్నాడు బ్రాంచి మేనేజరు ఒప్పుకుంటేనే మార్పు జరుగుతుంది. నాంపల్లి మేనేజరు వారాంతంలో చేరినవన్నీ సోమవారం పొద్దున వచ్చీ రాగానే ఒక్క ఊపున ఒప్పేసుకుంటాడు. అది ఆయన పద్ధతి. ఆ సోమవారం ఎందుకు ఒప్పుకోలేదంటే, పదింటికి వచ్చిన నేరానికి అల్లుడు ఆయనకు తాళం వేసి ఉన్నాడు, దాన్ని తీసే వంతు మాకు ఇంకా రాలేదు.

ఈ సంగతి గ్రహించాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. భయం వల్ల వచ్చిన నవ్వు అది, ఆపుకోవడం కష్టమైంది.

మిగిలింది నిబంధనల ప్రకారం జరిగింది. అభ్యర్థనలు తిరస్కరించాం, ఖాతాదారులకు పాత నంబర్లకే ఫోన్ చేశాం, నియంత్రణ సంస్థకు గడువులోపల నివేదిక పంపాం, సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఎవరికీ రూపాయి పోలేదు. పాస్‌వర్డు ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందన్నది మాత్రం తేలలేదు. విచారణకు వచ్చిన అధికారి, అది తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పని సులువవుతుంది అన్నారు. ఆ ఉమ్మడి ఐడీ అంతటితో రద్దయింది. ఈసారి "గమనించడమైనది" అని ఎవరూ రాయలేదు.

మార్చిలో కమిటీ కూర్చుంది. జి.ఎం. గారు స్రవంతినే అడిగారు, ఈ సాఫ్ట్‌వేర్ తీసేద్దామా అని. తీసేయమంటే ఆ రోజు అడ్డుచెప్పేవాళ్లు లేరు. నేను బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కాను కూడా. ఆమె కాలు లాక్కుంది.

"వద్దు సార్. కౌంటరు మూసిన్రని మనం చెప్పినంక, గా దొంగోడు ఏ ఖాతాలు తెరిచిండో చిటికెల తీసి ముందల పెట్టింది. మేమిద్దరం చూస్తే వారం పట్టేటిది. మిషిన్ మంచిదే. గాని దానికి మన ఊరు తెల్వది. ఎవరన్న చెప్తుండాలె."

ఎవరు చెబుతారని జి.ఎం. గారు అడగలేదు. డెప్యుటేషన్ పొడిగించడం కాదు, ఆమెను శాశ్వతంగా భద్రతా విభాగానికే మార్చారు. ఇంకో ఇద్దరు క్లర్కులను కూడా కౌంటర్ల నుంచి ఎంచుకోమన్నారు. ఆమె వాళ్ల నాన్న మిఠాయి పట్టుకుని గన్‌ఫౌండ్రీ దాకా వచ్చాడు. దొంగ ఎట్లుంటడు మేడం, పొడుగా పొట్టా అని నన్ను అడిగాడు. గల్లీలో చెప్పాలి కదా! పొడుగేనని చెప్పాను.

అల్లుడికి మళ్లీ మొదటి నుంచి చదువు మొదలైంది. ఈసారి స్రవంతి పక్కన కూర్చుని చెప్పింది. బోనాలప్పుడు ఎవరు సెలవు పెడతారు, గణేశ్ నిమజ్జనం నాడు చాదర్‌ఘాట్ వాళ్లు ఎందుకు ఆలస్యంగా వస్తారు, క్రికెట్ మ్యాచ్ ఉన్న మధ్యాహ్నం బ్యాంకు మొత్తం ఎందుకు మౌనంగా ఉంటుంది, అన్నీ.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మా రంగంలో మనుషుల కొరత ఉందంటే కంప్యూటర్ తెలిసినవాళ్లు తక్కువని ఇన్నాళ్లూ అనుకున్నాను. కంప్యూటర్ సంగతి కంప్యూటరే నేర్చుకుంటోంది. కొరత ఉన్నది ఏది మామూలో, ఏది కాదో దానికి చెప్పగల మనుషులకు. వాళ్లు చాలావరకు మన కౌంటర్లలోనే కూర్చుని ఉంటారు, క్యూ ఆపేస్తున్నారని తిట్లు తింటూ.

కిందటేడు నేను రిటైరయ్యాను. ఆఖరి రోజు సాయంత్రం నా ఐడీని నేనే రద్దు చేసి, సంతకం పెట్టి ఇంటికి వచ్చాను. సోమవారం పొద్దున హిమాయత్‌నగర్ ఇంట్లో తీరిగ్గా పేపరు చదువుతుంటే స్రవంతి ఫోన్ చేసింది.

"మేడం, అల్లుడు మీ గురించి అడుగుతున్నడు. రోజు వచ్చే మనిషి ఇయ్యాల రాలేదని ఎర్రగ చూపిస్తున్నడు. మనిషికి ఫోన్ చెయ్యంది అలర్ట్ మూయొద్దని మీరే రూలు పెడితిరి గదా, అందుకే చేసిన. ఏం రాయమంటరు?"

"మామూలే అని రాసి మూసెయ్" అన్నాను.

"మామూలెట్లయితది మేడం? రెండు రోజులు తెరిచే ఉంచుత" అంది.

నిబంధన ప్రకారం అలర్టును ఆ రోజే మూయాలి. ఆ సంగతి ఆమెకు గుర్తు చేయలేదు.